సోషల్ వర్క్‌లో డిగ్రీ: నెల్లూరు తీరంలో ఈ చదువుకు పని ఎక్కడుంది? చేరే ముందు ఏం చూసుకోవాలి?

ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇంట్లో మొదలయ్యే చర్చ మీకు తెలిసిందే. ఇంజనీరింగా, నర్సింగా, డిగ్రీలో కంప్యూటర్సా? ఈ జాబితాలో ‘సోషల్ వర్క్’ అనే మాట చాలా ఇళ్లలో వినపడదు. వినపడినా వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: ‘సేవ చేయడానికి డిగ్రీ ఎందుకు? చేస్తే జీతం ఎవరిస్తారు?’

ఆ ప్రశ్న అడిగిన తల్లిదండ్రులది తప్పేమీ కాదు. దానికి సూటిగా జవాబు చెప్పాలి. కావలి నుంచి ముత్తుకూరు దాకా తీరం వెంట ఉన్న ఊళ్లలో ఈ చదువుకు పని ఏమిటి, ఎక్కడ చదవొచ్చు, ఏ ఉద్యోగాలు వస్తాయి, ఎంత ఇస్తారు, ఎక్కడ మోసపోయే అవకాశం ఉంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఈ చదువు అంటే ఏమిటి?

విదేశాల్లో దీన్ని హ్యూమన్ సర్వీసెస్ అనీ, సోషల్ వర్క్ అనీ అంటారు. మన దగ్గర ఎక్కువగా వాడే పేర్లు రెండు. ఒకటి బీఎస్‌డబ్ల్యూ, అంటే బ్యాచిలర్ ఆఫ్ సోషల్ వర్క్. రెండోది సోషల్ వర్క్ ప్రధాన సబ్జెక్టుగా ఉండే బీఏ.

సమాజసేవకీ, సోషల్ వర్క్‌కీ తేడా ఉంది. తుపాను వచ్చినప్పుడు పులిహోర పొట్లాలు పంచడం సేవ. అది మంచిదే, దానికి డిగ్రీ అక్కర్లేదు. అయితే పొట్లాలు పంచేవాళ్లు వెళ్లిపోయాక, పట్టాదారు పుస్తకం నీళ్లలో పోయిన రైతుకు నకలు ఎలా వస్తుంది? కౌలు కాగితం లేని మనిషికి నష్టపరిహారం జాబితాలో చోటెలా దొరుకుతుంది? రాత్రిళ్లు నిద్రపట్టక వణికిపోతున్న పిల్లాణ్ణి ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలి? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడం సోషల్ వర్కర్ పని. మనిషికీ, అతనికి రావలసిన హక్కుకీ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించే వృత్తి ఇది.

కోర్సులో ప్రధానంగా మూడు పద్ధతులు నేర్పుతారు. ఒక మనిషితో, ఒక కుటుంబంతో చేసే పనిని కేస్‌వర్క్ అంటారు. ఒకే రకం ఇబ్బంది ఉన్న కొందరిని కూర్చోబెట్టి చేసేది గ్రూప్ వర్క్. ఊరినో, వాడనో కలుపుకొని చేసేది కమ్యూనిటీ ఆర్గనైజేషన్. వీటికి తోడు సంక్షేమ పాలన, పరిశోధన, సామాజిక చర్య అనే మరో మూడు ఉంటాయి. పక్కనే సమాజశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, చట్టాలు చదవాలి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఫీల్డ్ వర్క్. దాని గురించి కింద విడిగా చెప్పుకుందాం.

మన తీరంలో దీనికి పనేముంది?

ఒక ఊహా సందర్భం తీసుకుందాం. మైపాడు దగ్గరో, జువ్వలదిన్నె దగ్గరో ఒక పట్టపుపాలెం. వేటకు వెళ్లిన పడవ బోల్తా పడింది. ముగ్గురు ఒడ్డుకు చేరారు. నాలుగో మనిషి దొరకలేదు. శవం కూడా దొరకలేదు.

ఇప్పుడు ఆ ఇంటి ఆడమనిషి పరిస్థితి ఏమిటి? భర్త లేడని ఊరందరికీ తెలుసు. కానీ మరణ ధ్రువీకరణ పత్రం లేదు. పత్రం లేకపోతే వితంతు పింఛను లేదు, బ్యాంకు ఖాతాలోని డబ్బు రాదు, బీమా కదలదు. కనిపించకుండా పోయిన మనిషి గురించి ఏడేళ్లపాటు ఎవరికీ ఏ కబురూ లేకపోతేనే చనిపోయినట్టు భావించవచ్చన్నది సాక్ష్య చట్టంలో ఉన్న సాధారణ సూత్రం. ఏడేళ్లు ఆ కుటుంబం ఏం తిని బతకాలి?

శిక్షణ ఉన్న మనిషి అక్కడ ఉంటే పని ఇలా సాగుతుంది. ముందు ఆమె మాట వింటారు, తొందరపెట్టరు. పోలీసు ఫిర్యాదు అదే రోజు నమోదయ్యేలా చూస్తారు. పడవలో ఉన్న మిగతా ముగ్గురి వాంగ్మూలాలు, మత్స్యశాఖ నివేదిక, పడవ రిజిస్ట్రేషన్ కాగితాలు ఒకచోట చేరుస్తారు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు ప్రమాద బీమా ఉంది. ప్రమాదంలో మరణిస్తే 5 లక్షల రూపాయలు వస్తాయి. ఆ మనిషి పేరు ఆ బీమాలో ఉందో లేదో చూసి గడువులోగా క్లెయిమ్ పెట్టిస్తారు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం చెబుతోంది. కాబట్టి కేసును జిల్లా న్యాయసేవాధికార సంస్థ దాకా తీసుకెళ్తారు. పిల్లలు బడి మానేసి పడవ ఎక్కకుండా, మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్‌కు అర్హత ఉందేమో పరిశీలిస్తారు.

వీటిలో ఏ ఒక్కటీ బ్రహ్మవిద్య కాదు. కానీ అన్నీ తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉండడం, లేకపోవడం ఆ ఇంటి రాతను మార్చేస్తుంది. ఊరి పెద్దలు దురాయి వేస్తే ఆ మాటే చట్టంగా నడిచే పల్లెల్లో ఆ పెద్దలతో మర్యాదగా మాట్లాడుతూనే, ఆడవాళ్ల మాట కూడా సభలో వినపడేలా చేయడం ఇంకో నేర్పు. దాన్ని కూడా నేర్చుకోవాల్సిందే.

రెండో సందర్భం యానాదులది. ఆంధ్రప్రదేశ్‌లో యానాదులు ఎక్కువగా ఉన్న ప్రాంతం ఉమ్మడి నెల్లూరు జిల్లాయే. వారి కోసం నెల్లూరులో ప్రత్యేకంగా ఐటీడీఏ ఉంది. అయినా రొయ్యల గుంటల దగ్గర కాపలాకు, పొలాల్లో ఎలుకలు పట్టడానికి, చెరువుల్లో చేపలకు ఊళ్లు తిరిగే కుటుంబాలకు ఆధార్, కుల ధ్రువీకరణ, రేషన్ కార్డు దొరకడం ఇప్పటికీ కష్టమే. అప్పు ఇచ్చిన యజమాని దగ్గరే పని చేయాలి, బయటికి పోకూడదు అంటే అది 1976 చట్టం నిషేధించిన వెట్టిచాకిరీ. అలాంటి చోట బాధితుడికి మొదట కావలసింది రెవెన్యూ అధికారి ఇచ్చే విడుదల పత్రం. పునరావాసం మొత్తం దానిమీదే ఆధారపడుతుంది. ఈ సంగతి తెలియక కేవలం ‘రాజీ’ చేసి పంపేస్తే, ఆ కుటుంబం మళ్లీ అదే గుంట గట్టుకు చేరుతుంది.

మూడోది విపత్తు. 1989 నవంబర్‌లో కావలి దగ్గర తీరం దాటిన తుపాను, 2004 డిసెంబర్ 26 నాటి సునామీ, 2021 నవంబర్‌లో పెన్నా వరద మన పెద్దవాళ్లకు, మీకు గుర్తున్నవే. తుపాను షెల్టర్‌కు ముందుగా ఎవరిని తరలించాలి? నెలలు నిండిన గర్భిణులు, మంచం దిగలేని వృద్ధులు, మందులు ఆపకూడని రోగులు ఏ ఇళ్లలో ఉన్నారు? ఆ జాబితా గాలి మొదలయ్యాక తయారు కాదు. ముందే ఊరు తిరిగిన మనిషి దగ్గరే ఉంటుంది.

నెల్లూరుకు ఇది కొత్త కాదు

భారతదేశంలో ఈ వృత్తికి మొదటి బడి 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరుతో మొదలైంది. అదే తర్వాత టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. కానీ పని మాత్రం మన జిల్లాలో అంతకు ముందు నుంచే ఉంది.

పెన్నా ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. ఆ ఆశ్రమానికి అండగా నిలిచిన పొణకా కనకమ్మ 1923లో నెల్లూరులో బాలికల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మధ్య జీవితమంతా పనిచేశారు. పుట్టుకతోనే మనుషులకు నేరస్థులని ముద్ర వేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టానికి ఎదురు నిలిచారు. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది.

కమ్యూనిటీ ఆర్గనైజేషన్ అంటే ఏమిటో తెలుసుకోవాలంటే విదేశీ పుస్తకం తెరవనక్కర్లేదు. దూబగుంట చూస్తే చాలు. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడుల్లో ఆడవాళ్లు అక్షరాలు దిద్దుతూ, వాచకంలోని కథల మీద మాట్లాడుకున్నారు. కూలి డబ్బులు సారాకి పోతున్న మాట ప్రతి ఇంటి నుంచీ బయటికి వచ్చింది. 1992లో దూబగుంట మహిళలు సారాకు అడ్డం తిరిగారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఊరూరా పాకిన ఆ ఉద్యమం వల్ల 1993 అక్టోబర్‌లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అదే ఊపులో పొదుపు సంఘాలు బలపడ్డాయి.

ఇందులో విద్యార్థి గమనించవలసిన విషయం ఒకటుంది. బయటి నుంచి ఎవరూ వచ్చి ‘సారా మానండి’ అని ఉపన్యాసం ఇవ్వలేదు. కూర్చుని మాట్లాడుకునే చోటు దొరికింది. సమస్యకు పేరు పెట్టింది ఆ ఊరి ఆడవాళ్లే. సోషల్ వర్క్ తరగతిలో ఏడాదిపాటు చెప్పే పాఠం సారాంశం ఇదే.

ఎక్కడ చదవొచ్చు?

మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, రాష్ట్రంలోని డిగ్రీ కాలేజీలు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ ప్రవేశాలు ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ విధానంలో జరుగుతాయి. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు మాత్రమే కాక, సబ్జెక్టుల పట్టికలో ‘సోషల్ వర్క్’ ఉందో లేదో చూడాలి. 2023-24లో రాష్ట్రం సింగిల్ మేజర్ విధానంలోకి మారింది. మేజర్, మైనర్ల నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి, మీరు చేరే ఏడాది నోటిఫికేషన్‌నే నమ్మండి. అన్న చదివినప్పటి నియమం మీకు వర్తించకపోవచ్చు.

రెండోది, ఇగ్నో దూరవిద్య. ఇంటర్ పాసైనవాళ్లు ఇందులో సోషల్ వర్క్ డిగ్రీ చేయవచ్చు. కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. దూరవిద్యే అయినా ఫీల్డ్ వర్క్ తప్పనిసరి. బోధన ఇంగ్లిష్, హిందీ మాధ్యమాల్లో ఉంటుంది. తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇది ముందే ఆలోచించుకోవాలి. వేట మీదో, రొయ్యల ప్లాంటులోనో పని చేసుకుంటూ చదవాలనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది. ఒక జాగ్రత్త: ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడిన కుటుంబమైతే, ఆ పథకం రెగ్యులర్ చదువులకే అన్నది మరిచిపోకండి.

మూడోది, రాష్ట్రం దాటడం. టాటా ఇన్‌స్టిట్యూట్ మహారాష్ట్రలోని తుల్జాపూర్ ప్రాంగణంలో డిగ్రీ స్థాయి సోషల్ వర్క్ కోర్సు నడిపింది. పేరున్న సంస్థే, కానీ ఖర్చు, దూరం రెండూ లెక్కేసుకోవాలి. సీట్లు, ప్రవేశ పరీక్ష వివరాలు ఆ ఏడాది ప్రకటనలో చూసుకోండి.

డిగ్రీ తర్వాత పీజీకి మాత్రం దూరం పోనక్కర్లేదు. 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం నెల్లూరు దగ్గర కాకుటూరులో ఎంఎస్‌డబ్ల్యూ బోధిస్తోంది. అమ్మాయిలకు తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ సోషల్ వర్క్ విభాగం పాతది, పేరున్నది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీజీ సీట్లు ఏపీ పీజీసెట్ ద్వారా భర్తీ అవుతాయి.

ఎంఎస్‌డబ్ల్యూకి ఏ డిగ్రీ అయినా చాలు కదా! మరి డిగ్రీలో ఇదే ఎందుకు?

చాలామంది చెప్పని మాట ఇది. మన విశ్వవిద్యాలయాల్లో ఎంఎస్‌డబ్ల్యూకి సాధారణంగా ఏ డిగ్రీ ఉన్నా అర్హులే. బీకాం చదివినవాళ్లూ చేరవచ్చు. కాబట్టి మీ ఊరికి అందుబాటులో ఉన్న కాలేజీలో సోషల్ వర్క్ లేకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. సోషియాలజీ, సైకాలజీ, ఎకనామిక్స్‌లలో ఏదైనా బాగా చదివి, పీజీలో ఇటు రావచ్చు.

డిగ్రీ స్థాయిలోనే చేరితే వచ్చే లాభాలు రెండు. ఒకటి, డిగ్రీ చాలు అనే ఉద్యోగ ప్రకటనల్లో సోషల్ వర్క్ పేరు నేరుగా కనిపిస్తుంది. రెండు, ఈ పని మీకు సరిపడుతుందో లేదో ఇరవై ఏళ్ల లోపే తెలిసిపోతుంది. పీజీ అయ్యాక తెలుసుకోవడం కన్నా అది మేలు.

ఇంకో చిట్కా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏ డిగ్రీ చదివినా, మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉండేలా పాఠ్యప్రణాళిక తెచ్చారు. అది 180 గంటలు. చాలామంది పక్కవాడి రికార్డు చూసి రాసేస్తారు. మీరు అలా చేయకండి. ఒక పాలెంలో నిజంగా 180 గంటలు గడపండి. మీలో ఈ పనికి ఓపిక ఉందో లేదో ఆ 180 గంటలే చెప్పేస్తాయి.

ఫీల్డ్ వర్క్: అసలు చదువు ఇక్కడే

ఈ కోర్సులో సాధారణంగా వారానికి ఒకటి రెండు రోజులు క్లాసు బయట గడపాలి. అంగన్‌వాడీ, ప్రభుత్వ ఆసుపత్రి, బాలల గృహం, వృద్ధాశ్రమం, మత్స్యకార సహకార సంఘం, గ్రామ సచివాలయం, స్వచ్ఛంద సంస్థ, ఏదైనా కావచ్చు. ప్రతి వారం ఏం చూశారో, ఏం చేశారో, ఎందుకు చేశారో నివేదిక రాయాలి. అధ్యాపకుడు దాన్ని చదివి, మీతో కూర్చుని మాట్లాడాలి. ఆ మాటల్లోనే చదువు ఉంది.

ఈ పద్ధతి నడవని కాలేజీలో డిగ్రీ పట్టా వస్తుంది, విద్య రాదు. ఈత పుస్తకం చదివి సముద్రంలో దిగినట్టే.

ఫీల్డులో మొదటి రోజు నుంచే కొన్ని నియమాలు ఉంటాయి. అవి మర్యాదలు మాత్రమే కాదు, కొన్ని చట్టాలు కూడా.

ఒకరు చెప్పుకున్న ఇంటి గుట్టు ఇంకొకరికి చెప్పకూడదు. నెల్లూరు జిల్లాలో ఒక ఊరి మాట పక్క ఊరికి చేరడానికి ఒక షేర్ ఆటో చాలు.

బాలల గృహంలో పిల్లలతో సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టకూడదు. రక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫొటో, ఊరు బయటపెట్టడం 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం నేరం.

పిల్లల మీద లైంగిక దాడి జరిగినట్టు తెలిస్తే దాచకూడదు. పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. విద్యార్థిగా మీరు ముందు మీ సూపర్‌వైజర్‌కు చెప్పండి. అంతటితో ఆగకుండా ఫిర్యాదు నమోదైందో లేదో చూసుకోండి.

చేయలేని పనికి మాట ఇవ్వకూడదు. ‘పింఛను ఇప్పిస్తాను’ అనడానికీ, ‘పింఛనుకు దరఖాస్తు ఎలా పెట్టాలో చూద్దాం’ అనడానికీ చాలా తేడా ఉంది. మొదటి మాట నమ్మి ఒక ముసలామె ఆరు నెలలు మీ కోసం ఎదురుచూస్తుంది.

ఉద్యోగాలు ఎక్కడ? జీతం ఎంత?

దాచకుండా చెప్పుకోవాలి. ప్రభుత్వ సంక్షేమ విభాగాల్లో డిగ్రీ స్థాయి సోషల్ వర్క్ ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టువే.

ప్రతి జిల్లాలో జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఉంటుంది. అందులో సోషల్ వర్కర్, కౌన్సెలర్ లాంటి పోస్టులు ఉంటాయి. మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం సోషల్ వర్కర్ పోస్టుకు డిగ్రీ చాలు, సోషల్ వర్క్ లేదా సోషియాలజీ చదివినవాళ్లకు ప్రాధాన్యం. నెలకు నిర్ణయించిన వేతనం 18,536 రూపాయలు. ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు 27,804 రూపాయలు. దానికి పీజీ ఉంటే దారి సులువు.

మహిళా శిశు సంక్షేమ శాఖలో అంగన్‌వాడీ సూపర్‌వైజర్, సీడీపీవో పోస్టులున్నాయి. ఇవి పర్మినెంట్, కానీ ఏటా రావు. తెలంగాణలో 2022లో వచ్చిన నోటిఫికేషన్లలో హోంసైన్స్, సోషియాలజీల పక్కన సోషల్ వర్క్‌ను కూడా అర్హతగా చూపారు. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అర్హతల వాక్యం అక్షరం అక్షరం చదవాలి. అందులో ‘సోషల్ వర్క్’ అని ఉంటే, మీ పట్టా మీద కూడా అదే పేరు ఉండాలి. అందుకే మేజర్ పేరు ఏమని ముద్రిస్తారో కాలేజీని ముందే అడగమంటున్నాం.

సఖి వన్ స్టాప్ సెంటర్లు, హెచ్ఐవీ కౌన్సెలింగ్ కేంద్రాలు, మద్య వ్యసన విముక్తి కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థలు మరో వరస. కృష్ణపట్నం వైపు పోర్టు, విద్యుత్ కేంద్రాలు, పరిశ్రమలు ఉన్నాయి. పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. ఆ పనులు చూసేవాళ్లలోనూ, ఫ్యాక్టరీల చట్టంతో వచ్చిన వెల్ఫేర్ ఆఫీసర్ పోస్టుల్లోనూ ఎంఎస్‌డబ్ల్యూ చేసినవాళ్లు కనిపిస్తారు. ఈ ఉద్యోగాలకు డిగ్రీ ఒక్కటే సాధారణంగా చాలదు.

కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. మూడేళ్ల డిగ్రీతో ఆగితే మొదట్లో 20 వేల లోపు జీతానికి సిద్ధపడాలి. ఎంఎస్‌డబ్ల్యూ దాకా వెళ్తే దారులు పెరుగుతాయి. ఇంటికి అప్పు ఉండి, వెంటనే సంపాదన కావాలనుకునే కుటుంబం ఈ లెక్క ముందే తెలుసుకుని నిర్ణయించుకోవాలి.

డిగ్రీతో మీరు ఏమి కారు?

సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం దానికి సోషల్ వర్క్‌లో పీజీ, ఆపైన రెండేళ్ల ఎంఫిల్ కావాలి. ‘మూడు నెలల డిప్లొమాతో కౌన్సెలర్’ అని ప్రకటనలు చూసి మోసపోకండి.

లైసెన్సు ఉన్న వృత్తి నిపుణులు కూడా కారు. లాయర్లకు బార్ కౌన్సిల్, నర్సులకు నర్సింగ్ కౌన్సిల్ ఉన్నట్టు మన దేశంలో సోషల్ వర్కర్లందరికీ కలిపి ఒక కౌన్సిల్ లేదు. వైద్య, మానసిక రంగాల్లో పనిచేసే సోషల్ వర్కర్లను మాత్రం 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి తెచ్చారు. ఇంగ్లండ్‌లో రిజిస్టర్ కాని మనిషి తనను సోషల్ వర్కర్ అని చెప్పుకోవడం నేరం. విదేశాలకు వెళ్లాలనుకుంటే అక్కడి రిజిస్ట్రేషన్ నియమాలు చూశాకే కోర్సు ఎంచుకోండి.

బాలల సంక్షేమ కమిటీ సభ్యత్వం కూడా డిగ్రీ చేతికి రాగానే దొరకదు. చట్టం పిల్లల రంగంలో ఏడేళ్ల అనుభవం గురించి మాట్లాడుతుంది. ఇవి ఎదగడానికి ఉన్న మెట్లు. మొదటి మెట్టునే చివరిదనుకోకండి.

చేరే ముందు కాలేజీని అడగాల్సిన ప్రశ్నలు

1. ఫీల్డ్ వర్క్ వారానికి ఎన్ని రోజులు? టైం టేబుల్‌లో చూపించగలరా?
2. విద్యార్థుల్ని ఏ ఏ సంస్థలకు పంపుతున్నారు? ఆ సంస్థలతో రాతపూర్వక ఒప్పందం ఉందా?
3. బోధించే అధ్యాపకుల్లో ఎంఎస్‌డబ్ల్యూ చేసినవాళ్లు ఎంతమంది? లేక వేరే సబ్జెక్టువాళ్లే చెబుతున్నారా?
4. పట్టా మీద మేజర్ పేరు ఏమని వస్తుంది?
5. ఫీల్డుకు వెళ్లే బస్సు చార్జీలు ఎవరు పెట్టుకోవాలి? అమ్మాయిలు ఒంటరిగా వెళ్లాల్సి వస్తే భద్రత ఏర్పాటు ఏమిటి?
6. నాలుగేళ్ల ఆనర్స్ ఉందా? ఉంటే, తర్వాత ఏడాది పీజీకి విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుందా?
7. గత రెండేళ్లలో పాసైన ఇద్దరు సీనియర్లతో మాట్లాడించగలరా?

ఏడో ప్రశ్నకు వచ్చే జవాబే అన్నిటికన్నా నమ్మదగింది. సీనియర్‌ను ‘జీతం ఎంత?’ అని మాత్రమే అడగకండి. ‘వారానికి ఎన్నిసార్లు ఫీల్డుకు వెళ్లావు? నీ రిపోర్టు ఎవరు చదివారు?’ అని అడగండి.

మీ ఊరు ఏ జిల్లాలో ఉందో కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో పులికాట్ వైపు మండలాలు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. హద్దులు మారినప్పుడల్లా ఏ జిల్లా కార్యాలయానికి దరఖాస్తు పెట్టాలన్నదీ మారుతుంది. కాంట్రాక్టు పోస్టుల్లో స్థానికత లెక్కకు వస్తుంది.

ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలి?

‘సేవ చేస్తాను’ అని చెప్పకండి. అది విని భయపడతారు. ‘ఇది చట్టం, ఆసుపత్రి, పంచాయతీ, పథకాల మధ్య నడిచే ఉద్యోగం. మొదట్లో జీతం తక్కువ, పీజీ చేస్తే పెరుగుతుంది. దగ్గరలోనే యూనివర్సిటీ ఉంది’ అని చెప్పండి. లెక్క కాగితం మీద రాసి చూపించండి.

మీ తీరపు ఊరిలో పుట్టినవాళ్లకు ఈ చదువులో ఒక సొంత బలం ఉందని కూడా చెప్పండి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుందని నగరం నుంచి వచ్చిన అధికారి పుస్తకంలో చదువుతాడు. ఆ 61 రోజుల్లో ఏ ఇంట్లో ఏ వస్తువు తాకట్టుకు పోతుందో మీకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ తెలిసిన దానికి చట్టం, పద్ధతి, ఓపిక తోడైతే మీ ఊరికి ఉపయోగపడే మనిషి తయారవుతారు.

చివరగా, ఈ చదువు చదివినా చదవకపోయినా కొన్ని నంబర్లు ఫోన్‌లో ఉంచుకోండి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098. హింసకు గురవుతున్న మహిళల కోసం 181. వృద్ధుల కోసం 14567. మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి టెలీ మానస్ 14416. పక్కింట్లో అవసరం వచ్చిన రాత్రి ఈ నంబర్లు వెతుక్కునే పని ఉండకూడదు.